దుబాయ్‌లో ఉండిపోదామా?

పని చేసినన్నాళ్లు ఎక్కడ ఉండాలో కంపెనీ చెబుతుంది. పని అయిపోయాక ఎక్కడ బతకాలో ఎవరూ చెప్పరు, మనమే తేల్చుకోవాలి. అది తేల్చుకోవడానికే మేం భార్యాభర్తలం రెండు నెలల విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి వచ్చాం. అక్కడ మా చివరి రోజు ఎలా గడిచిందో, ఏం నిర్ణయించుకున్నామో క్యాంపుల్లో ఉన్న సోదరులకు పనికొస్తుందని రాస్తున్నాం.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మాలో ఒకరు 1996 నుంచి 2018 దాకా, 22 ఏళ్లు, దుబాయ్‌లో తాపీ పని చేశారు. ఇంకొకరు ఆ 22 ఏళ్లూ ఇంటి దగ్గర బీడీలు చుడుతూ కొడుకును చదివించారు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. లెక్కేస్తే 22 ఏళ్లలో మేం కలిసి ఉన్నది 22 నెలలు. ఇప్పుడు కొడుక్కి దుబాయ్‌లోనే ఒక ఆఫీసులో ఉద్యోగం. కోడలు, మనవరాలు కూడా అక్కడే. "బాపూ, ఇంక ఊళ్లె ఎవలున్నరు? నువ్వూ అమ్మా మా దగ్గరనే ఉండుండ్రి" అని వెళ్లిన వారం నుంచే పోరు పెట్టాడు. మనవరాలి ముద్దుమాటలు వింటుంటే మాకూ ఉండాలనే అనిపించింది.

చివరి రోజు కొడుకు సెలవు పెడతానన్నాడు. వద్దని మేమిద్దరమే బయలుదేరాం. 2009 సెప్టెంబరులో మొదలైన మెట్రోలో బర్ దుబాయ్ చేరాం. మునుపు సెలవు రోజున దండం పెట్టుకున్న పాత శివాలయాన్ని 2024లో జబల్ అలీకి తరలించారు. ఆ సందులో నిలబడే దండం పెట్టుకుని, ఒక్కొక్కరికి ఒక దిర్హాము ఇచ్చి అబ్రా పడవలో దేరా వైపు దాటాం.

దేరాలో ఐదంతస్తుల బిల్డింగ్ ఒకటి ఉంది. దాని ప్లాస్టరింగ్‌లో మా చెయ్యి పడింది. గోడ మీద చెయ్యి వేసి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి ఏం కావాలని అడిగాడు. ఏం లేదని ముందుకు నడిచాం.

సాయంత్రం మాలో ఆమె, "నువ్వు ఉన్న రూము చూపియ్యి" అంది. ట్యాక్సీలో సోనాపూర్ వెళ్లాం. పాత రూమ్‌మేట్ ఒకాయన, ఆర్మూరు వైపు మనిషి, అదే క్యాంపులో ఉన్నాడు. డ్యూటీ బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. "వదినా, ఆడోళ్లను లోపలికి రానియ్యరు. ఇక్కడనే చాయ్ తాగుదాం" అన్నాడు. రూముకు ఎంతమంది, వంట ఎప్పుడు, బాత్రూముకు లైను ఎంతసేపు అని ఆమె ఒక్కొక్కటే అడిగింది. 22 ఏళ్లు ఫోన్‌లో "మంచిగున్న" అన్న మాట ఏ గోడల వెనక నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

చాయ్ అయ్యాక ఆ తమ్ముడు మెల్లగా అడిగాడు. "అన్నా, నాకు యాభై నాలుగు దాటినయి. ఇక్కడనే ఏదన్న జేసుకుంట ఉండొచ్చునా? ఇంటికి పోతే ఏం జెయ్యాలె?" మా ప్రశ్నా అదే కదా! కెఫెటేరియా కాగితం మీద లెక్క రాశాం.

రిటైరైన విదేశీయుల కోసం 2020లో దుబాయ్ ప్రత్యేక వీసా ప్రకటించింది. 55 ఏళ్లు దాటినవారికి 5 ఏళ్ల వీసా. అప్పుడు పెట్టిన షరతు: 10 లక్షల దిర్హాముల పొదుపు గానీ, నెలకు 20,000 దిర్హాముల ఆదాయం గానీ, లేదంటే ఖరీదైన సొంత ఇల్లు గానీ ఉండాలి. ఇక మాకు వచ్చిన గ్రాట్యుటీ చూడండి. ఆఖరి బేసిక్ 800 దిర్హాములు. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున 105 రోజులు, మిగతా 17 ఏళ్లకు ఏడాదికి 30 రోజుల చొప్పున 510 రోజులు. మొత్తం 615 రోజుల బేసిక్, అంటే 16,400 దిర్హాములు. అలాంటి 61 మంది మేస్త్రీలు 22 ఏళ్లు చాకిరీ చేసి గ్రాట్యుటీ అంతా ఒక్కచోట పోస్తే గానీ ఆ 10 లక్షలు కావు. ఇంటి దగ్గర బీడీలు చుట్టిన మనిషికి పీఎఫ్ పింఛను చిన్నదే అయినా నెలనెలా వస్తోంది. ఇక్కడ గోడలు కట్టిన మనిషికి పింఛను లేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు కొడుక్కి చెప్పాం. "నీ ఉద్యోగం మీద నీ వీసా. నీ వీసా మీద కోడలు, బిడ్డ. మేం కూడా ఎక్కితే ఏటేటా రెన్యువల్, ఇన్సూరెన్సు. ఒక్క ఉట్టి మీద ఇన్ని కుండలు వద్దు బిడ్డా." వాడు కాసేపు ఊరుకుని, "మరి మిమ్మల్ని ఎవలు చూస్తరు?" అన్నాడు. దానికి వాళ్లమ్మ, "నువ్వు పుట్టినప్పుడు మీ బాపు ఈడనే ఉండె. అప్పుడు నన్ను ఎవలు చూసిండ్రో వాళ్లే చూస్తరు" అంది. వాడింక మాట్లాడలేదు. మనవరాలిని ఒళ్లోకి తీసుకుని ఏడాదికోసారి వస్తామని మాటిచ్చాం.

సోదరులారా, మీకు చెప్పేది మూడే మాటలు. మీ కాంట్రాక్టు కాగితంలో బేసిక్ ఎంత రాసుందో ఇవాళే చూసుకోండి. గ్రాట్యుటీ దాని మీదే కడతారు, ఓవర్‌టైమూ అలవెన్సులూ అందులోకి రావు. పంపే డబ్బులో ఎంతో కొంత ముసలితనం కోసమని ఇంట్లో వేరే పెట్టించండి. ఏ సంవత్సరం తిరిగి వస్తారో ఇంటామెతో కూర్చుని మాట్లాడండి. తేదీ లేని ప్రయాణం ఏటా వాయిదా పడుతూనే ఉంటుంది.

ఎయిర్‌పోర్టులో బ్యాగులు ఇచ్చేశాక ఆర్మూరు తమ్ముడి ఫోన్ వచ్చింది. "వదినా, ఇంట్ల అడిగిన. వచ్చే యేడు బతుకమ్మకు వచ్చెయ్యుమన్నది" అన్నాడు. పండుగకు మా ఊరికి కూడా రమ్మని చెప్పాం.