ఇంటి మనిషి "లాగా"

పోయిన వారం మొరాకో ప్రయాణం గురించి రాశాక చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు. "అక్కా, హోటల్లో కాకుండా ఎవరింట్లోనో దిగానన్నారు. ఒంటరిగా భయం వెయ్యలేదా? ఆ ఇల్లు ఎట్లా ఎంచుకున్నారు?" అని. ఒక్క మాటలో తేలే జవాబు కాదు. అందుకే ఈ వారం మొత్తం అదే.

కాసాబ్లాంకాలో ఒక సెమినార్‌కి వెళ్లాను. అది అయ్యాక నాలుగు రోజులు చేతిలో మిగిలాయి. రైలెక్కితే దాదాపు నాలుగు గంటల్లో ఫెజ్. ఆ ఊరు చూడాలన్న కోరిక నాకు ఫాతిమా మెర్నిస్సీ వల్ల పుట్టింది. 1940లో ఫెజ్‌లో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త ఆమె. తన బాల్యం మీద 1994లో వచ్చిన ఆమె పుస్తకం "డ్రీమ్స్ ఆఫ్ ట్రెస్‌పాస్" నేను పీహెచ్‌డీ రోజుల్లో చదివాను. ఒక పెద్దింటి నాలుగు గోడల మధ్య ఆడవాళ్లు బతికిన బతుకు అది. అలాంటి ఇంట్లో ఒక రాత్రైనా పడుకోవాలనిపించింది.

అలాంటి ఇళ్లనే ఇప్పుడు అతిథి గృహాలుగా మార్చి "రియాద్" అంటున్నారు. అసలు రియాద్ అంటే తోటకి సంబంధించిన మాట. ఇంటి నడుమ ఆకాశం కనిపించే తోట, నీళ్ల తొట్టి, చుట్టూ గదులు. తోట లేకుండా గచ్చు చేసిన వాకిలే ఉంటే అది "దార్". ఫెజ్ పాతబస్తీలో చోటు తక్కువ కాబట్టి ఎక్కువ ఇళ్లు దార్‌లే. వ్యాపారంలో మాత్రం అన్నిటికీ రియాద్ అనే పేరు. వీధివైపు చూస్తే ఎత్తైన గోడ, ఒక తలుపు, అంతే. లోపలికెళ్తే రంగురంగుల జెల్లీజ్ పలకలు, చెక్కిన సున్నపు పని, దేవదారు తలుపులు. కిటికీలన్నీ లోపలి వాకిట్లోకే తెరుచుకుంటాయి.

కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లకి ఇదేం వింత కాదు. మండువా ఇల్లు తెలిసినవాళ్లకి సగం అర్థమైపోతుంది. కానీ తెలియడంలోనూ తేడా ఉంది కదా. మా అమ్మమ్మ ముప్ఫై ఏళ్లు ఒక మండువా ఇంటికి పనికెళ్లింది. "మండువా ఎట్టా ఉంటదే?" అని చిన్నప్పుడు అడిగితే చెప్పలేకపోయింది. ఆమెకి తెలిసిన ఇల్లు దొడ్డి గుమ్మం, గొడ్లచావిడి, ధాన్యం చెరిగే వసారా. అంతవరకే.

అందుకే రియాద్‌ల ఫొటోలు చూస్తుంటే నా కళ్లు నీళ్ల తొట్టి మీద ఆగలేదు. దొడ్డి గుమ్మం ఎక్కడుందా అని వెతికాయి.

ఇళ్లు వెతకడం మనకి అలవాటైన పనే. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాది పదకొండు ఇళ్లు తిరిగాను. ఒక ఇంటావిడ అడ్వాన్స్ తీసుకుని, మర్నాడు "మా అబ్బాయి వస్తున్నాడమ్మా" అని తిరిగిచ్చేసింది. ఆ మధ్యలో జరిగిందల్లా ఆవిడ నా ఇంటిపేరు అడగడం, నేను చెప్పడం. ఫెజ్‌లో పోలీసులకివ్వాల్సిన ఫారం ఒకటి నింపాలి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, వృత్తి, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎక్కడికెళ్తారు. నా ఇంటిపేరు అక్కడ వట్టి అక్షరాలే. ఆ తేలికదనం ఎట్లా ఉంటుందో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. అయితే ఆ తేలికదనంలో పడి, అక్కడివాళ్ల ఇంటిపేర్లు ఎవరికి బరువో చూడకుండా వచ్చేస్తే మనం చదివిన చదువెందుకు?

వెతుకులాటలో నాకు నాలుగు దారులు కనిపించాయి.

ఒకటి, కొత్త ఊళ్లో మామూలు హోటల్. ఈ "కొత్త ఊరు" వెనక కథ ఉంది. 1912లో మొరాకో ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది. వాళ్ల పాలకుడు లియోటే పాత ఊళ్లని కూల్చలేదు. వాటికి దూరంగా, యూరోపియన్లకి వెడల్పు రోడ్లతో వేరే ఊళ్లు కట్టించాడు. ఆంరీ ప్రోస్త్ అనే ఆర్కిటెక్ట్ ప్లాన్లు గీశాడు. పాత ఊరిని కాపాడామని చెప్పుకున్నారు. జానెట్ అబూ లుఘోద్ అనే పరిశోధకురాలు 1980లో రబాత్ నగరం మీద రాసిన పుస్తకం పేరులోనే దీన్ని "అర్బన్ అపార్థీడ్" అంది. ఊరు, వాడ మధ్య ఖాళీ స్థలం ఎందుకుంటుందో తెలిసినవాళ్లకి ఆ మాట చాలు.

రెండోది, మెల్లాలో ఒక గది. మెల్లా అంటే యూదుల వాడ. ఫెజ్‌లో 1438లో యూదుల్ని రాజప్రాసాదం పక్కకి మార్చారు. రాజు రక్షణ అక్కడ దొరికింది, వెలి కూడా అక్కడే మొదలైంది. అక్కడి ఇళ్లకి వీధివైపు చెక్క బాల్కనీలుంటాయి. ఆ యూదుల్లో దాదాపు అందరూ దేశం విడిచి వెళ్లిపోయారు.

మూడోది, పాతబస్తీలో రాజభవనం లాంటి రియాద్. ఫొటోలో పనివాళ్లంతా తెల్ల బట్టలు, ఎర్ర టోపీలతో వరసగా నిలబడి, చేతులు కట్టుకుని నవ్వుతున్నారు. దాన్ని అక్కడే వదిలేశాను.

నాలుగోది, తలా స్గీరా వీధి నుంచి చీలిన సందులో ఐదు గదుల దార్. ఇద్దరు అక్కచెల్లెళ్లు నడుపుతున్నారు. మూడు ప్రశ్నలు రాసి పంపాను. ఇల్లు అనుమతి ఉన్నదేనా? చలికాలం గది వెచ్చగా ఉంటుందా? వంట చేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు ఎక్కడుంటారు? మొదటి రెండిటికీ వెంటనే జవాబొచ్చింది. మూడోదానికి మర్నాడు: "వంట మేమే చేస్తాం. ఊడ్చడానికి ఒకమ్మాయి వస్తుంది, సాయంత్రం తన ఇంటికెళ్తుంది. ఈ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదు." ఖాయం చేసుకున్నాను. అన్నిటికంటే చవక గది తీసుకున్నాను. మేడ మీద, డాబా పక్కన. మన డబ్బుల్లో రాత్రికి నాలుగు వేల లోపు.

ఆ సందుల్లోకి కార్లు రావు. సరుకంతా గాడిదలు, కంచరగాడిదలే మోస్తాయి. "బలాక్!" అని వెనక నుంచి అరుపు వినిపిస్తే గోడకి అతుక్కోవాలి. పెద్దక్క గుమ్మటం దాకా ఎదురొచ్చి నా సంచీ అందుకుంది. మొదటి రాత్రి మెంతులేసిన సూప్ పెట్టి ఇంటి కథ చెప్పింది. వాళ్ల తాత ఉన్ని వ్యాపారి. వాళ్ల నాన్న తరంలో డబ్బున్న చుట్టాలంతా కొత్త ఊరికీ, కాసాబ్లాంకాకీ వెళ్లిపోయారు. వాళ్లు వదిలిన ఇళ్లలో పల్లెల నుంచి వచ్చిన పేదలు గదికో కుటుంబం చొప్పున దిగారు. 1981లో యునెస్కో ఆ పాతబస్తీని వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాత విదేశీయులొచ్చి ఇళ్లు కొనడం మొదలైంది. కొన్న ఇల్లు ఖాళీ అయితేనే కదా రియాద్ అయ్యేది. గదికో కుటుంబం ఎక్కడికి పోయిందో ఏ ఫొటోలోనూ ఉండదు.

"నువ్వు పడుకునే గది దాదాది" అంది చెల్లెలు.

దాదా అంటే పెద్దిళ్లలో వంట చేసి, పిల్లల్ని పెంచిన నల్లజాతి స్త్రీ. చాలామంది బానిసలుగా తెచ్చినవాళ్లే, లేదా వాళ్ల కూతుళ్లు. మొరాకోలో బానిసల వ్యాపారం ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా సాగింది. మెర్నిస్సీ పుస్తకంలో కూడా మీనా అనే స్త్రీ ఉంటుంది. చిన్నప్పుడే ఎత్తుకొచ్చి అమ్మేసిన మనిషి. ఆమె చోటు కూడా డాబా మీదే.

"ఆమె పేరేంటి?" అని అడిగాను.

అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దాదా అనేవాళ్లం. మా తాత ఆమెని ఇంటి మనిషిలాగా చూసుకున్నాడు."

నేను తెలుగు పాఠం చెప్పేదాన్ని. ఆ మాట వాళ్లు ఇంగ్లీషులో అన్నా నాకు తెలుగులోనే వినబడింది. పాలేరుని, పనిమనిషిని గురించి మన దగ్గర ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! ఇంటి మనిషిని ఎవరూ "ఇంటి మనిషిలాగా" అనరు. ఇంటి మనిషికి పేరుంటుంది, వాటా ఉంటుంది, పోయాక గోడ మీద ఫొటో ఉంటుంది. ఆ "లాగా" ఉన్నచోట ఇవేవీ ఉండవు. మా అమ్మమ్మని ఆ మండువా ఇంట్లో ముప్ఫై ఏళ్లూ "ఏమే" అనే పిలిచారు.

అక్కచెల్లెళ్లు చెడ్డవాళ్లని చెప్పడం లేదు. నాతో ప్రేమగా ఉన్నారు. మర్నాడు చెల్లెలు తనంతట తనే ఫోన్ చేసి, కాసాబ్లాంకాలో ఉన్న ముసలి మేనత్తని అడిగింది. పేరు దొరికింది, ముబారకా. "ఇన్నేళ్లలో మేమెందుకు అడగలేదో" అంది.

ఇక్కడ ఇంకో సంగతి. పదిహేడో శతాబ్దం చివర సుల్తాన్ మూలే ఇస్మాయిల్ నల్లజాతి మనుషుల్ని, స్వేచ్ఛగా బతుకుతున్న హరాతీన్లతో సహా, పట్టి సైన్యంలో పడేశాడు. మత పండితుల ఆమోదం కావాలన్నాడు. ఫెజ్ పండితుడు అబ్దుల్ సలామ్ జస్సూస్ ఒప్పుకోనన్నాడు. 1709లో అతన్ని చంపించారు. చుకీ ఎల్ హామెల్ రాసిన "బ్లాక్ మొరాకో" (2013) చదవండి. "ఆ రోజుల్లో అందరూ అంతే" అని ఎవరైనా అంటే, కాదని ప్రాణమిచ్చినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారని చెప్పడానికి పనికొస్తుంది.

ఇక మీరడిగిన సలహా. రియాద్‌కి వెళ్లండి. డబ్బు కూడబెట్టుకుని మరీ వెళ్లండి. అందమైన వాకిట్లో నడుమ కూర్చుని టీ తాగే హక్కు మనకుంది. గుమ్మటానికి దగ్గర్లో ఉన్నది చూసుకోండి, ఒంటరి ఆడపిల్లలు చీకటి పడకముందే చేరుకోండి, ఎవరు ఎదురొస్తారో ముందే రాయించుకోండి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, సామాను తక్కువ తీసుకెళ్లండి. గదులన్నీ వాకిట్లోకే తెరుచుకుంటాయి కాబట్టి కింద మాట్లాడేది పైకి వినిపిస్తుంది. దానికి సిద్ధపడండి.

వీటితోపాటు ఇంకొక్కటి అడగండి. ఈ ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లేంటి అని. మొరాకోలోనే కాదు. మన దగ్గర కూడా మండువా ఇళ్లు రిసార్టులవుతున్నాయి. అక్కడా అడగండి. మన అమ్మమ్మల పేర్లు మనం అడక్కపోతే ఇంకెవరడుగుతారు?

మా అమ్మమ్మ పేరు సుందరమ్మ.

జై భీమ్.