కరకట్ట మీదుగా సముద్రందాకా

విజయవాడ,
కార్తీక మాసం.

వదినా,

నీ ఉత్తరమూ ఫొటోలూ అందాయి. పేజ్ ఊరి దగ్గర హార్స్‌షూ బెండ్ అంచున నువ్వు నిలబడ్డ ఫొటో మా ఇంట్లో అందరి చేతులూ మారింది. 1000 అడుగుల కింద కొలరాడో నది ఆ రాతిగుట్టను చుట్టి వెనక్కి తిరగడం చూస్తే ఇక్కడ కూర్చున్న నాకే కళ్ళు తిరిగాయి. యాంటిలోప్ కాన్యన్‌లో పైనుంచి జారిపడే వెలుతురు, న్యూ మెక్సికోలో ఆ తెల్లటి జిప్సం ఇసుక దిబ్బలు, వాటి కోసం మీరు ఎన్ని గంటలు కారు నడిపారో అన్నీ చదివాను. చివర్లో ఒక మాట రాశావు. "ఈసారి వచ్చినప్పుడు మన వైపు కూడా ఇలా తిరగాలని ఉంది, కానీ చూడ్డానికి ఏముంది వదినా, అంతా పొలాలేగా" అని. ఆ మాటకి జవాబు చెప్పకుండా ఉండలేను.

గ్రాండ్ కాన్యన్ అంటే కొలరాడో 446 కిలోమీటర్ల పొడవునా తవ్వుకుంటూ పోయిన చోటు. తవ్విన మట్టిని నది ఎక్కడో ఒకచోట దించాలిగా! మనం పుట్టి పెరిగింది అలా దించిన చోట. మహాబలేశ్వరంలో పుట్టి 1400 కిలోమీటర్లు వచ్చిన కృష్ణ, మోసుకొచ్చిన ఒండ్రునంతా బెజవాడ కొండలు దాటాక పరిచింది. నది చేసే పనిలో సగం నువ్వు అక్కడ చూశావు. రెండో సగం చూడాలంటే ఇక్కడికే రావాలి. లోయ అంచున నిలబడితే ఒక్క చూపులో అంతా కనిపిస్తుంది. డెల్టా అలా కాదు, నది వెంట సముద్రందాకా పోతే తప్ప అర్థం కాదు. మొత్తం దారి దాదాపు 100 కిలోమీటర్లే. మీ లెక్కలో అది పొద్దున్న కాఫీకి వెళ్ళొచ్చే దూరం. మనం మాత్రం దాన్ని రెండు రోజులు పోదాం.

ప్రకాశం బ్యారేజి మీద తెల్లారుజామున మొదలుపెడదాం. 1855 నాటికి కాటన్ దొర హయాంలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగితే, ఇప్పుడున్నది 1957కి పూర్తయింది. 2024 సెప్టెంబరులో దీని మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అంత నీరు ఇక్కడ ఎప్పుడూ చూడలేదు. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకున్నాయి. అవతలి ఒడ్డున ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతశయనుణ్ణి చూసి, ఎండ ముదరకముందే ఇవతలికి వచ్చేద్దాం. కొండపల్లి, అమరావతి ఎగువన ఉన్నాయి. వాటికి ఇంకో రోజు కావాలి, ఈ ప్రయాణంలో కలపొద్దు.

మీరు బందరు వెళ్ళాలంటే ఉయ్యూరు మీదుగా పెద్ద రోడ్డే పట్టేవారు. మనం అటు వెళ్ళం. యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కుతాం. వరద పొలాల మీద పడకుండా వేసిన ఆ మట్టికట్ట మీదే అవనిగడ్డ దాకా రోడ్డుంది. ఇరుకైనది, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే కారు ఆపి అంచుకి తప్పుకోవాలి. కానీ ఈ జిల్లాలో నాకు దీన్ని మించిన రోడ్డు లేదు. కుడివైపు లంకలు, అంటే నది మధ్యా ఒడ్డునా ఏటి ఒండ్రు మేటలు వేసిన నేలలు. అరటి, పసుపు, కంద, చెరకు. ఎడమవైపు కట్టకి దిగువన కాలువ కింది మాగాణి. ఒక పక్క నది ఇష్టానికి వదిలేసిన నేల, రెండో పక్క మనిషి కాలువలు తవ్వి లొంగదీసుకున్న నేల. రెండిటి మధ్యా ఎత్తున మనం. తోట్లవల్లూరు దాటేసరికి ఈ తేడా నేను చెప్పక్కర్లేకుండా నీ కంటికే తెలుస్తుంది. మాఘంలో వరి కోసేసిన చేలన్నీ మినుముతో పచ్చగా ఉంటాయి.

కరకట్ట పక్కనే శ్రీకాకుళం వస్తుంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, మన కృష్ణా జిల్లాలోది. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఆగింది ఇక్కడే. ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆయనే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. ఆ గుళ్ళో ఎప్పుడు వెళ్ళినా జనం పెద్దగా ఉండరు. అంత పెద్ద కావ్యానికి పుట్టుక ఇంత చిన్న ఊళ్ళోనా అని ప్రతిసారీ అనిపిస్తుంది.

అక్కణ్ణుంచి ఘంటసాల దగ్గరే. ఈ ఊరి కోసం మాత్రం నువ్వు ఎంత అలిసిపోయినా ఆగాలి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రెండో శతాబ్దంలో తూర్పు తీరపు రేవుల్ని లెక్కపెడుతూ కంటకోసిల అని రాసింది ఈ ఊరినే అంటారు. ఊళ్ళో బౌద్ధుల మహాచైత్యపు దిబ్బ ఉంది, పక్కనే పురావస్తు శాఖవారి మ్యూజియం ఉంది. రోము దాకా వ్యాపారం చేసిన రేవు ఇది. ఆ దిబ్బ ఎక్కి నాలుగు దిక్కులా చూడు, ఏ వైపునా సముద్రం కనిపించదు. వరిచేలు, కొబ్బరిచెట్లు, కాలువలు. ఓడలొచ్చిన రేవుకీ ఇప్పటి సముద్రానికీ మధ్య ఉన్న నేలలో చాలా భాగం నది తెచ్చి పోసిందే. కాన్యన్‌లో రాతి పొరల్ని చూపించి కోట్ల ఏళ్ళని లెక్కచెబుతారని రాశావు. ఇక్కడ మన కళ్ళెదుట ఉన్నది రెండు వేల ఏళ్ళ లెక్కే, కానీ మనుషులున్న లెక్క. ఒక రేవు తన సముద్రాన్ని పోగొట్టుకున్న చోటు చూస్తే నాకు ఏ లోయా గుర్తుకు రాదు.

కూచిపూడి కూడా ఈ చుట్టుపక్కలే. ఫీనిక్స్‌లో మీ ఇంటి దగ్గర పిల్లలు నేర్చుకుంటున్న ఆ నాట్యం ఈ ఊరి పేరు మోస్తోంది. ఒకప్పుడు ఇక్కడ ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా జడ ముందుకి వేసుకుని వస్తే ఆడవాళ్ళే నివ్వెరపోయి చూసేవారని మా అత్తగారు చెప్పేది. అమెరికాలోని మనవాళ్ళ సంస్థ సిలికానాంధ్ర పూనుకుని ఇక్కడ ఆసుపత్రి కట్టించింది. నువ్వు అక్కణ్ణుంచి వస్తున్నావు గనక ఆ గుమ్మం ముందు ఒకసారి ఆగుదాం. క్షేత్రయ్య ఊరు మొవ్వ, జెండా రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు, రెండూ పక్కపక్కనే. ఆ ఊళ్ళ మధ్య దారులు నాకు బాగా తెలుసు, దిగాలనిపించిన చోట దిగుదాం.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి చూసుకుని పులిగడ్డ చేరితే నది రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు దగ్గర కారు దిగి నడవాలి. కింద నది పాయ సముద్రం వైపు పోతుంటుంది. దాని మీదుగా పంటకాలువ అడ్డంగా దివి పొలాలకి పోతుంటుంది. నీటి మీద నీళ్ళు దాటడం చిన్నపిల్లలకి చూపిస్తే వాళ్ళు ఇక కదలరు.

దివిలోకి దిగాక మాట తగ్గుతుంది వదినా. 1977 నవంబరు 19. అప్పుడు మనం కాలేజీలో ఉన్నాం, పాత బట్టలు మూటలు కట్టి లారీలకి ఎక్కించాం, గుర్తుందా? మూటలు పంపడమే గానీ ఆ ఊళ్ళు ఎలా ఉంటాయో మనకి తెలియదు. ఆ రాత్రి తుపానుతో పాటు ఉప్పెన తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని బతికినవాళ్ళు చెబుతారు. సర్కారు లెక్కలోనే దాదాపు 10 వేల మంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో కుటుంబాలకి కుటుంబాలే మిగల్లేదు. చెట్ల కొమ్మలు పట్టుకుని తెల్లారేదాకా వేలాడి బతికినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే చెబుతారు, అడక్కపోతే చెప్పరు. ఊరూరా ఇప్పుడు తుపాను షెల్టర్లున్నాయి. ఈ నేల ఎంత పల్లమో, సముద్రం ఎంత దగ్గరో తెలియకుండా దీని అందం గురించి మాట్లాడ్డం నాకు సమ్మతం కాదు. అందుకే నిన్ను బీచికి తీసుకెళ్ళే ముందు ఈ ఊళ్ళలోంచి తీసుకెళ్తాను.

రాత్రికి అవనిగడ్డలో ఉండి మర్నాడు నాగాయలంక వెళ్దాం. అక్కడ రేవులో చేపల పడవలు, పీతల బుట్టలు. ఇంకా దిగువకి పోతే ఎదురుమొండి దీవులకి పంటు మీద దాటాలి. మనుషులు, మోటారు సైకిళ్ళు, బియ్యం మూటలు, బడి పిల్లలు, అంతా ఆ పంటు మీదే. దీవుల చుట్టూ మడ అడవులు. కృష్ణా అభయారణ్యమంటే ఇదే. నీళ్ళలో దిగి చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఇక్కడ ఉంటుంది. పగలు కనిపించడం అరుదు. మడచెట్ల వేళ్ళు ఆటుపోట్ల మధ్య బురదని పట్టుకుని నిలబెట్టే తీరు ఒక గంట కూర్చుని చూడదగ్గది.

ఆ తర్వాత హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి, దాన్ని దాటితే పాలకాయతిప్ప, అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ మునిగిన కాకి హంసగా మారిందని స్థలపురాణం. నది రంగుకీ సముద్రం రంగుకీ ఉన్న తేడా దూరం నుంచే తెలుస్తుంది. నిన్ను అక్కడ నిలబెట్టి ఒక మాట అడగాలని ఉంది. నువ్వు అంత ఎత్తునుంచి చూసిన కొలరాడో, డ్యాములూ కాలువలూ నీళ్ళు తీసేసుకోగా, 1960ల నుంచి చాలా ఏళ్ళు సముద్రానికే చేరలేదుగా! అమెరికా, మెక్సికో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2014లో మోరెలోస్ డ్యాం నుంచి కొన్ని వారాలు నీళ్ళు వదిలారు. ఎండిన ఇసుక పాయలో నీళ్ళొస్తుంటే మెక్సికో వైపు జనం ఎదురెళ్ళి పండగ చేసుకున్నారు. ఆ నీళ్ళు మేలో సముద్రాన్ని తాకాయి. మన కృష్ణకి కూడా శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక కిందికి వచ్చే నీళ్ళూ తగ్గాయి, ఒండ్రూ తగ్గింది. కరువు ఏళ్ళలో బ్యారేజి దిగువన ఇసుకే మిగులుతుంది. ఘంటసాల నుంచి ఇంత దూరం సముద్రాన్ని నెట్టుకొచ్చిన నది, ఇప్పుడు కొత్త నేల పోయలేకపోతోంది, కొన్నిచోట్ల సముద్రమే తీరాన్ని కోసుకుపోతోంది. రెండు నదుల్నీ చూసినదానివి నువ్వు. ఈ సంగతి నీతో అక్కడే మాట్లాడాలి.

వచ్చేటప్పుడు బందరు మీదుగా వద్దాం. 1611లో ఇంగ్లీషువాళ్ళు కోఠీ పెట్టిన ఊరు, 1864 తుపానులో దాదాపు 30 వేల మందిని పోగొట్టుకున్న ఊరు. డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కడాలు చూసి, పెడనలో కలంకారీ అచ్చులు వేసేచోట ఆగి, లడ్డూ కొనుక్కుని బయల్దేరదాం. మంగినపూడి దగ్గర కొత్త ఓడరేవు పనులు జరుగుతున్నాయి. బీచి చూడాలంటే చూద్దాం, హంసలదీవి చూసిన కంటికి అది అంతగా ఆనదు.

కైకలూరు మాత్రం వదలొద్దు. అక్కడ కొల్లేరు సరస్సు అంచున ఆటపాకలో గూడబాతులు వేలల్లో వచ్చి గూళ్ళు కడతాయి. చెట్లు చచ్చిపోతే అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతింది, వాటి మీదే పిల్లల్ని లేపుతున్నాయి. పడవలో దగ్గరిదాకా పోవచ్చు. కానీ నేను నిన్ను కొల్లేరుకి తీసుకెళ్ళేది పక్షుల కోసమొక్కటే కాదు. 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్‌లో మీ పిన్నిగారి ఇల్లు కిటికీల దాకా మునిగింది గుర్తుందిగా? ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉంది గానీ, కృష్ణే నిండి ఉంటే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? కట్టలు తెగి ఊరిమీద పడ్డాయి. బుడమేరు అసలు దారి కొల్లేరుకి. కొల్లేరు ఆ వరదని తనలో పట్టుకుని ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదలాలి. ఆ సరస్సు కడుపులో చేపల చెరువుల గట్లు లేచాయి. 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని 1999లో ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో గట్లు పేల్చి తవ్వేశారు, తర్వాత మళ్ళీ చాలా గట్లు లేచాయి. చేపల మీద బతికేవాళ్ళు వేలమంది ఉన్నారు, వాళ్ళని తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. అయినా నీళ్ళకి దారి ఉండాలి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి దగ్గర నిలబడి ఆ గట్లను చూస్తే, బెజవాడ వీధిలో పడవలు ఎందుకు తిరిగాయో నీకు తెలుస్తుంది.

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానాలు. దానికి వారం ముందే దిగేలా చూసుకో. పక్షులు అప్పటికి నిండుగా ఉంటాయి, ఎండ ముదరదు. పౌర్ణమి నాడు రోడ్డు జనంతో నిండిపోతుంది కాబట్టి ముందు రాత్రే అవనిగడ్డ చేరాలి. కారు మాదే, చిన్నది. అక్కడ కుడివైపు నడిపి అలవాటైనదానివి, కరకట్ట మీద స్టీరింగు నాకు వదిలెయ్యి. దళసరి చెప్పులు, టోపీ తెచ్చుకో, మిగతావన్నీ ఇక్కడ ఉన్నాయి. టికెట్ కొనేముందు తేదీలు రాయి, పండగ రోజులకి అవనిగడ్డలో గదులు ముందే అయిపోతాయి.

ఇట్లు,
నీ వదిన