డిక్కీలో చోటు

మావారు నెల రోజులుగా రెండు బండ్ల మధ్య ఊగుతున్నారు. ఒకటి మారుతి గ్రాండ్ విటారా, ఇంకొకటి టొయోటా హైరైడర్. రెండూ హైబ్రిడ్‌లే. ప్లాంటు నుంచి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తింటూ కూడా ఫోన్లో వాటినే చూడటం.

తీరా చూస్తే అవి కవల పిల్లలు. రెండూ 2022లోనే వచ్చాయి. ఒకే 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిను. లీటరుకు 27.97 కిలోమీటర్లని రెండు కంపెనీలూ చెప్పాయి. తేడా అంతా ముఖంలో, లోపలి రంగుల్లో. గాజువాక జంక్షన్‌లో ఆగితే ఇంజినూ ఆగిపోతుంది, మెల్లగా కదిలితే బ్యాటరీ మీద నడుస్తుంది. సింహాచలం కొండ దిగుతూ బ్రేకు వేస్తే ఆ శక్తి మళ్ళీ బ్యాటరీలోకే వెళ్తుంది. ప్లగ్గు పెట్టే పనే లేదు.

అంతా బాగుంది కానీ ఆ పెద్ద బ్యాటరీ ఉండేది డిక్కీ కింద. అందుకే అక్కడ చోటు తగ్గుతుంది. షోరూమ్‌కి వెళ్లేటప్పుడు అత్తయ్య వీల్‌చెయిర్ కూడా ఆటోలో వేసుకెళ్లాను. మావారు సిగ్గుపడ్డారు. డిక్కీలో కుర్చీ పెట్టాక బ్యాగులకు చోటు మిగల్లేదు. "వెనక సీటు ఒక పక్క మడిస్తే సరిపోతుంది మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి.

సరిపోతుంది. కానీ మేం అయిదుగురం. సీటు మడిస్తే ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఒకరు ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, "నన్నొదిలేసి మీరెళ్లి రండమ్మా" అన్నారు. ఆవిడా తన గురించే అనుకున్నారు.

ఆ రాత్రి కాగితం, పెన్ను తీశాను. గ్రాండ్ విటారాలోనే డిక్కీ కింద పెద్ద బ్యాటరీ లేని రకం ఉంది. గేర్లు మనమే మార్చుకోవాలి, డిక్కీ 373 లీటర్లు. కంపెనీ లెక్కలో మైలేజీ 21.11. ఆయన ప్లాంటుకు వెళ్లేది స్కూటరు మీద. బండి తీసేది ఆదివారాలు, పండగలకు ఊరెళ్లేటప్పుడు. నెలకు 500 కిలోమీటర్లనుకున్నా తేడా ఆరు లీటర్ల పెట్రోలు. బండి ధరలో తేడా మాత్రం లక్షల్లో. రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకైతే పెద్ద హైబ్రిడ్ లాభమే. మాకు కాదు.

మావారు కాగితం రెండుసార్లు చదివి, "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. నెలంతా నన్నెవరడిగారు?

మొన్న ఆదివారం సింహాచలం వెళ్లొచ్చాం. డిక్కీలో కుర్చీ, పక్కనే పులిహోర డబ్బా, నీళ్ల బాటిళ్లు. వెనక సీట్లో పిల్లలిద్దరి మధ్య నేను. ఇరుకుగానే ఉంది. అయినా అయిదుగురం వెళ్లాం.