బ్రేకు పైపుకి మాటు వేయకండి

పొద్దున్నే కారు దగ్గరికెళ్తే నేల మీద తడి మరక కనిపించిందా? కంగారు వద్దు. అది దేని తడో తేల్చుకుందాం. ముందు సీటు దిగువన తేటగా ఉంటే ఏసీ నీళ్లే. ఇంజను కింద నల్లగా ఉంటే ఇంజనాయిలు. చక్రం లోపలి వైపు లేత పసుపు రంగులో, వేలికి జారుగా తగిలితే మాత్రం అది బ్రేకాయిలు, కారు కదపకండి. ఇంకా అనుమానమా? ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేయండి. ఇంజనాయిలు తేలుతుంది, బ్రేకాయిలు కలిసిపోతుంది. మనం వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతివి మరి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి. గట్టి నేల చూసుకుని, స్టాండ్లు పెట్టి, నేలనున్న చక్రాలకు అడ్డు పెట్టాకే లోపలికి వెళ్లాలి. గుడ్డతో తుడుస్తూ పైపు వెంట వెళ్తే కారుతున్న చోటు దొరుకుతుంది. క్లిప్పుల కింద బురద పేరుకునే చోట్లే పైపుని తుప్పు ఎక్కువగా తినేస్తుంది. విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో ఉప్పు గాలికి ఇనుము మరింత తొందరగా తుప్పు పడుతుంది.

చిల్లు కనబడగానే ఎం-సీల్ అద్దుదామా, రబ్బరు చుట్టి క్లిప్పు బిగిద్దామా అనిపిస్తుంది. బిందెకు మాటు వేయించి ఏళ్ల తరబడి వాడుకున్న ఇళ్లు మనవి. ఆ పొదుపంటే నాకూ ఇష్టమే. కానీ కారు టైరులో గాలి ఒత్తిడి ముప్పై పైచిలుకు పీఎస్ఐ ఉంటే, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఈ సన్నటి పైపులో ఆయిలు ఒత్తిడి వెయ్యి దాటుతుంది. ఏ జిగురు నిలుస్తుంది చెప్పండి? నట్టు నుంచి నట్టు దాకా పైపు మొత్తం మార్చాల్సిందే.

మీ కారు మోడల్‌కి సరిపోయేది, రెండు చివర్లా నట్లతో తయారుగా ఉన్నది తెచ్చుకుంటే ఇంట్లో పని సగం తగ్గినట్టే. అది దొరక్కపోతే ఫ్రిజ్ మెకానిక్ దగ్గర రాగి పైపు కొట్టించుకుందామని మాత్రం అనుకోకండి. ఆయన పని గట్టిదే కానీ, ఆ రాగి అదురుకి క్రమంగా పెళుసెక్కి చీలుతుంది. ఆయన చివరను ఒక్క మడతే విప్పుతాడు, చాలా కార్ల బ్రేకు పైపుకి రెండు మడతల డబుల్ ఫ్లేర్ కావాలి. బ్రేకు పనివాళ్ల చేతే చేయించండి.

పాత నట్టుకి ముందు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. మామూలు పానా పెడితే అంచులు అరిగి గుండ్రమవుతాయి, ఫ్లేర్ నట్టు పానా పెట్టండి. బ్రేకాయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేస్తుంది.

కొత్త పైపు బిగించాక గాలి తీయాలి. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. లోపల బుడగలుంటే పెడల్ మెత్తగా దిగుతుందే తప్ప చక్రం ఆగదు. దీనికి ఇద్దరుండాలి. చక్రం దగ్గర గాలి తీసే నిపుల్‌కి సన్నని ట్యూబు తొడిగి, రెండో కొస సీసాలోని ఆయిల్లో ముంచండి.

"తొక్కమ్మా."

"తొక్కాను నాన్నా."

"అలాగే పట్టుకో, నిపుల్ తెరుస్తున్నా... ఆఁ, బిగించేశాను. ఇప్పుడు పెడల్ వదులు."

నిపుల్ బిగించకముందే పెడల్ వదిలితే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది, చేసిన పనంతా వృథా. బుడగలు ఆగేదాకా ఇదే వరస. మధ్యమధ్య బానెట్ కింది బ్రేకాయిలు డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోస్తూ ఉండాలి. ఏ చక్రంతో మొదలెట్టాలో మీ కారు పుస్తకం చెబుతుంది. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరిందంటే కొన్ని కార్లకు స్కానర్ కావాలి, అది వర్క్‌షాపు పని.

ఆయిలు కొత్త డబ్బాదే వాడండి. తాజా డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ తేడా తెలుస్తుంది.

చివరగా ఇంజను ఆపి పెడల్ని గట్టిగా తొక్కి పట్టండి. కొద్దికొద్దిగా కిందికి దిగుతోందా? ఎక్కడో ఇంకా కారుతున్నట్టే. దిగకపోతే నట్లను పొడి కాగితంతో ఒత్తి చూడండి. ఇంజను ఆన్ చేసి మరోసారి తొక్కి చూసి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి ఆపండి. వీటిలో ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా మెకానిక్‌ని ఇంటికి పిలవండి, కారుని ఆయన దగ్గరికి తోలుకెళ్లకండి. రోడ్డు మీద మన ముందు నడిచేవాళ్లు మన బ్రేకుల్ని నమ్మే నడుస్తున్నారు.