కొత్త కారా, పాత కారా... అసలు తేడా 48 నెలలు

మన సాఫ్టువేరు జనాలు కారు కొనాలంటే ముందు చేసే పని ఎక్సెల్ షీటు తెరవడం. మైలేజీకో కాలమ్, డిక్కీకో కాలమ్, సన్‌రూఫ్ ఉందా లేదా అన్నదానికి ఇంకో కాలమ్. సలహాలిచ్చేవాళ్ళు మాత్రం రెండే జట్లు. "కొత్తది షోరూము గేటు దాటగానే లక్ష పోయినట్టే" అనేది ఒక జట్టు. "సెకండ్ హ్యాండంటే ఇంకొకడి తలనొప్పి కొనుక్కోవడమే" అనేది రెండో జట్టు. రెండూ నిజాలే. అందుకే వాటితో తేలదు.

ముందు నా అవసరం చెప్తాను. నాన్నకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. ఉన్న హ్యాచ్‌బ్యాక్ సీటు బాగా కిందికి ఉంటుంది, ఆయన దిగాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఊరు సూర్యాపేట అవతల, నెలకి రెండు ట్రిప్పులు తప్పవు. సీటు ఎత్తుగా ఉండాలి, మా అపార్టుమెంటు పార్కింగులో పట్టాలి. అంటే నాలుగు మీటర్ల లోపు చిన్న ఎస్‌యూవీలే: నెక్సాన్, వెన్యూ, బ్రెజ్జా లాంటివి.

ఇక లెక్క. కొత్తది ఆన్‌రోడ్ 12 లక్షలు, రెండు మూడేళ్ళ పాతది 8 లక్షలు అనుకోండి. చేతిలో ఉన్నది 4 లక్షలు.

కొత్తదానికి 8 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు: నెలకి సుమారు 12,870. పాతదానికి 4 లక్షల లోను. పాత కార్లకి వడ్డీ ఎక్కువ వేస్తారు కాబట్టి 12 శాతం, మూడేళ్ళు: నెలకి సుమారు 13,290.

చూశారా? నెలవారీ కట్టేది దాదాపు ఒకటే! ఒకదానికి 84 నెలలు, ఇంకోదానికి 36. మధ్యలో ఉన్న 48 నెలలే ఈ బేరంలో అసలు సరుకు. డబ్బుల్లో చెప్పాలంటే ఆరు లక్షల పైచిలుకు.

షోరూములో ఈ 84 అనే అంకె ఎవరూ గట్టిగా పలకరు. "నెలకి పన్నెండు వేలే సార్" అంటారు. పోయినేడాది మా టీములో పదకొండు మందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు ఏడుగురం. వెళ్ళిన నలుగురూ పని రాని వాళ్ళేమీ కాదు. ఇలాంటి ఉద్యోగం చేస్తూ 84 నెలల మాట ఇవ్వగలనా అన్నదే నా ప్రశ్న. 36 నెలలైతే ఇవ్వగలను. ఉద్యోగం పోయినా ఉన్న ఎఫ్‌డీతో కొంతకాలం లాగొచ్చు.

అలాగని పాతదే ఎప్పుడూ లాభమని కాదు. ఏడేళ్ళయ్యేసరికి కొత్తది కొన్నవాడి బండి వయసు ఏడు, నా బండికి దగ్గర దగ్గర పదేళ్ళు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగింది (డీజిలైతే 1500 సీసీ లోపు). అంతకుముందు పెట్రోలుకి సెస్సుతో కలిపి 29 ఉండేది. బ్రెజ్జా పొట్టిదే అయినా ఇంజను 1462 సీసీ కాబట్టి 40 శాతంలోకి వెళ్తుంది. అందుకని అమ్మేవాడు పాత ఇన్వాయిస్ చూపించి "ఇంత పెట్టి కొన్నాను" అంటే ఒప్పుకోకండి. ఈరోజు కొత్తదాని ధర నుంచే కిందికి లెక్కెయ్యాలి. తేడా రెండు లక్షల లోపే వస్తే కళ్ళు మూసుకుని కొత్తది తీసుకోవచ్చు.

ఇంట్లో చెప్తే అమ్మకి నచ్చలేదు. "ఎవలో వాడిన బండి మనకెందుకురా, నలుగురు ఏమనుకుంటరు?" అంది. నాన్న నవ్వి, "సంతల ఎడ్లను పళ్ళు చూసి కొనలే? అవేమన్న మనింట్ల పుట్టినయా?" అన్నాడు.

కారుకి పళ్ళంటే టైర్లు. టైరు మీద కోడులో చివరి నాలుగంకెలు చూడండి. 1824 అని ఉంటే 2024లో 18వ వారం తయారైనట్టు. నేను చూసిన ఒక బండి మీటరు 22,000 కిలోమీటర్లు చూపిస్తోంది, నాలుగు టైర్లూ మాత్రం కొత్తవి. అంత తక్కువ తిరిగితే నాలుగూ ఎందుకు మార్చినట్టు? దండం పెట్టి వచ్చేశాను. ఇంకోదాంట్లో సీటుబెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనిపించింది. 2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో తెలిసిందే. అవన్నీ తుక్కులోకే పోయాయనుకోకండి.

ఇంకో రెండు షరతులు పెట్టుకున్నాను. 2023 ఏప్రిల్ తరువాత తయారైనదే కావాలి. అప్పటినుంచి వచ్చిన కార్లలో పెట్రోలు తగిలే భాగాలు ఇ20ని తట్టుకునేలా ఉంటాయి. రెండోది ఆరు ఎయిర్‌బ్యాగులు. వెన్యూలో 2023 అక్టోబరు నుంచి అన్ని వేరియంట్లకీ ఇచ్చారు. నాన్నని ఎక్కించుకుని హైవే మీద వెళ్ళే బండి, ఇక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు.

చివరికి మా అపార్టుమెంటులోనే పూణే వెళ్ళిపోతున్న ఒకాయన వెన్యూ తీసుకున్నాను. మొదటి ఓనరు, సర్వీసు రికార్డు మొత్తం ఉంది. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి. ఆయన లోను తీరింది కాబట్టి ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కూడా తీసుకున్నాను. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మన పేరుకి మార్పించుకోవాలి, మర్చిపోవద్దు. ఆయన నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు.

నాన్న ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతున్నాడు. అమ్మ పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించింది, నిమ్మకాయలకి కొత్తదో పాతదో తెలీదు కదా!

మీరు కొనేటప్పుడు మీ ఎక్సెల్ షీటులో ఒక్క కాలమ్ కలపండి: "ఎన్ని నెలలు?" ఆ అంకె చూసి రాత్రి నిద్ర పట్టేట్టుంటే కొత్తదే కొనండి.