ఏడుపు మానిన బిడ్డ

రాజంపేట, కోడూరు, రాయచోటి, పీలేరు వైపు నుంచి తిరుపతి ఆసుపత్రులకు అవ్వల చంకనెక్కి వచ్చే పసిపిల్లల్లో కొందరి తీరు ఒకేలా ఉంటుంది. బరువు పెరగరు. వచ్చిన నాలుగు మాటలూ మానేస్తారు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తారు. తల్లి ఇంటిపనికి కువైట్ పోయిందని మనం అడిగితేనే తెలుస్తుంది. ‘మొదట్లో బాగా ఏడ్సినాడు, ఇప్పుడు ఏడ్సేదిల్యా సార్, మరిసిపోయినాడు. ఆకలికి టానిక్కు రాయండి’ అంటారు. రక్తం తక్కువగా ఉంటే ఐరన్ ఇస్తాం, నులిపురుగులకు మందు వేస్తాం, వినికిడి పరీక్ష చేయిస్తాం. అవన్నీ చిన్న పనులు. ‘మరిచిపోయాడు’ అన్న నమ్మకాన్ని మాత్రం ఏళ్ల తరబడి చెబుతున్నా కదిలించలేకపోతున్నాం. బిడ్డకు అసలు హాని జరుగుతున్నది అక్కడే.

ఆరేడు నెలలు వచ్చేసరికి బిడ్డ తనవాళ్లెవరో తేల్చుకుంటుంది. కొత్త ముఖం చూసి ఏడవడం మొదలయ్యేది అప్పుడే. అక్కడి నుంచి మూడేళ్ల దాకా తనదిగా ఎంచుకున్న మనిషే బిడ్డకు ధైర్యం. రెండేళ్ల కాంట్రాక్టు అంటే ఏమిటో, పోయిన అమ్మ ఎప్పుడొస్తుందో ఊహించే శక్తి ఆ వయసుకు ఉండదు. ఆ ఎడబాటు బిడ్డను ఏం చేస్తుందో చూపుతూ 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్‌లో ఒక డాక్యుమెంటరీ సినిమా తీశాడు. హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండున్నరేళ్లు నిండని పాప కథ అది. అతనూ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ కలిసి, తల్లి దూరమైన పసిపిల్లల్లో మూడు దశలు గుర్తించారు. మొదట గుక్కపట్టి ఏడుస్తారు. తర్వాత దిగులుపడి ముడుచుకుపోతారు. చివరకు ఎవరు ఎత్తుకున్నా ఊరుకుంటారు, ఎవరినీ పట్టుకోరు. ఆ మూడో దశను చూసి అప్పటి నర్సులు ‘అలవాటు పడింది’ అనుకునేవాళ్లు. మన ఇళ్లలో ‘మరిసిపోయినాడు’ అంటున్నదీ దాన్నే. సెలవుకు వచ్చిన తల్లిని చూసి బిడ్డ అవ్వ కొంగు వెనక దాక్కుంటే, అది మరపు కాదు. ఆశ వదులుకున్న బిడ్డ మళ్లీ ఆశపడడానికి భయపడుతోంది. దానికి తాయెత్తు కట్టించి, దిష్టి తీయించి, ఆ తల్లిని ఇంకా ఏడిపించకండి.

అవ్వలు పెంచిన పిల్లలు మన సీమలో బాగా బతకలేదా అని అడుగుతారు. బతికారు. తల్లి ఇంట్లో ఉండగా అవ్వ పెంచింది, అది ఒక సంగతి. తల్లి లేకపోయినా అవ్వ ఒక్కతే నిలకడగా చూసుకుంటే బిడ్డ నిలబడుతుందన్నదీ నిజమే. రాబర్ట్‌సన్ దంపతులు కాన్పుకు వెళ్లిన తల్లుల పిల్లలను నలుగురిని తమ ఇంట్లోనే పెంచి చూశారు. ఆ పిల్లలు దిగులుపడ్డారు కానీ కుప్పకూలలేదు. పదిహేడు నెలల మరో బాబు, పూటకో ఆయా మారే శిశుగృహంలో తొమ్మిది రోజుల్లోనే కుంగిపోయాడు. బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో 136 మంది అనాథాశ్రమ పిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. రెండేళ్ల వయసులోపే ఇల్లు దొరికినవాళ్లు, పెంచినవాళ్లతో అనుబంధంలో బాగా తేరుకున్నారు. కాబట్టి అడగాల్సింది ఎవరు పెంచుతున్నారని కాదు, ఎంతమంది చేతులు మారుతున్నదని. మూడు నెలలు అవ్వ, ఆమెకు మోకాళ్ల నొప్పులొస్తే పిన్నమ్మ, ఆ తర్వాత మేనమామ ఇల్లు: ఈ తిప్పటమే బిడ్డను విరుస్తోంది. ఇంట్లోనే ఉన్న తండ్రిని ఈ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. అన్నం తినిపించి నిద్రపుచ్చడం మగవాడికి చేతకాని విద్యేమీ కాదు.

బోర్లు ఎండి, అప్పు వడ్డీ మీద వడ్డీ అవుతుంటే తల్లి ఏం చేయాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. బిడ్డ కోసమే బిడ్డను వదిలిపోయే తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు. నిషేధమూ దారి కాదు. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులు ఇంటిపనికి విదేశాలకు పోకుండా శ్రీలంక 2013లో ఆంక్షలు పెట్టింది, చాలామంది దొంగదారులు పట్టారు. మన ప్రభుత్వం గల్ఫ్‌లో ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలంటుంది, ఒడిలో ఉన్న బిడ్డ వయసు అడగదు. అయితే డబ్బు పంపితే బిడ్డ బాగుంటుందన్న ధీమా కూడా సరికాదు. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చిందేమంటే, దిగులు, ఆందోళన, ఎదుగుదల లోపం ఆ పిల్లల్లోనే ఎక్కువ, ఆరోగ్యంలో ఏ విధంగానూ మెరుగు లేదు. వాటిలో ఎక్కువ చైనావే, నిజమే. అయినా మన ఓపీలో కనబడుతున్నది దానికి భిన్నంగా లేదు.

పోక తప్పనివాళ్లకు ఒక మాట. బిడ్డ నిద్రపోతుండగా రాత్రి బస్సెక్కకండి. అమ్మ బజారుకు పోయిందని చెప్పనీయకండి. పోతున్నానని మీరే చెప్పండి, ఏడవనివ్వండి. నెల ముందు నుంచే స్నానం, తిండి, నిద్ర అన్నీ చూసుకోబోయే మనిషి చేతికి అప్పగించండి. తిరిగొచ్చాక బిడ్డను ఆ మనిషి దగ్గర నుంచి ఒక్కసారిగా లాక్కోకండి. మూడేళ్లు నిండేదాకా ఆగగలరేమో ఇంకోసారి లెక్క వేయండి. ఆగలేకపోతే, బిడ్డను ఎవరికి వదులుతున్నారో ఒక్క మనిషి పేరు ఖాయం చేసుకున్నాకే ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇవ్వండి.