గుమ్మలక్ష్మీపురం బాటలో పది కిలోమీటర్లు

పార్వతీపురం నుంచి బయలుదేరిన బస్సు కురుపాం దాటగానే కొండలు దారికి దగ్గరగా వచ్చేస్తాయి. అంతవరకు దూరాన నీలిగా కనిపించినవి ఇక్కడ పచ్చబడి, ఏది జీడిమామిడి తోటో ఏది చింతచెట్టో గుర్తుపట్టగలిగేంత చేరువగా నిలుస్తాయి. ఆ కొండల నడుమ ఉన్న మండల కేంద్రం గుమ్మలక్ష్మీపురం. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. అందరికీ అది జి.ఎల్.పురం. పక్కనే ఎల్విన్‌పేట, ఇంకొంచెం వెళ్తే భద్రగిరి, కొండల కావల ఒడిశా. ఊరు ఉన్నచోటే ఉంది గాని జిల్లాలు మారుతూ వచ్చాయి. 1979 వరకు శ్రీకాకుళం, ఆ తరువాత విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం.

ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన మాబోటి కుటుంబానికి మొదట వింతగా తోచేది భాష. వాగును ఇక్కడ గెడ్డ అంటారు, రాగులను చోళ్ళు అంటారు. అది ఉత్తరాంధ్ర తెలుగు. నెల తిరిగేసరికి అలవాటవుతుంది. సంతలో సవరలు తమలో తాము మాట్లాడుకునే భాష మాత్రం ఒక్క ముక్క అంతుపట్టదు. అది ముండా కుటుంబానికి చెందినది, తెలుగుతో దానికి చుట్టరికం లేదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనం పాఠాల్లో చదువుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా ఈ భాషను పట్టుదలగా నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. పొరుగువాని భాష నేర్చుకోవడానికి ఒక పండితుడు ఏళ్ళ తరబడి కష్టపడ్డాడంటే ఆయన మీద నాకున్న గౌరవం ఈ సంతలో నిలబడినప్పుడు రెట్టింపవుతుంది. చింతపండు, పసుపు, అనాస, పనస, కొండచీపుర్లు, అడ్డాకులు: కొండ మీద పండేదీ దొరికేదీ అంతా అక్కడికి తల మీదనో కావడి మీదనో దిగివస్తుంది. జాతాపు, సవర స్త్రీలు ఆ బరువుతో ఎంత దూరం నడిచి వస్తారో అడిగితే కిలోమీటర్లలో చెప్పరు. కోడికూత వేళకు బయలుదేరామంటారు.

ఈ దారుల మీద మేము పరుగు మొదలుపెట్టడానికి కారణం ఒక రక్తపరీక్ష. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి మెట్లెక్కితే ఆయాసపడుతోందని ఆమె తల్లి గమనించింది. పరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. ఇది మా ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే పదిమంది ఆడపిల్లలున్న తరగతిలో ఆరుగురు. చదువు మీద మనసు లేదని, బద్ధకమని మనం కోప్పడే పిల్లల్లో ఎందరికి రక్తం తక్కువో ఎవరు చూశారు?

అదే రోజుల్లో, 2024 ఆగస్టు 11న, పారిస్ ఒలింపిక్స్ మహిళల మారథాన్‌లో సిఫాన్ హసన్ గెలిచింది. ఇథియోపియాలో పుట్టి, పదిహేనేళ్ళ వయసులో శరణార్థిగా నెదర్లాండ్స్ చేరిన ముస్లిం స్త్రీ ఆమె. 42.195 కిలోమీటర్లు 2 గంటల 22 నిమిషాల 55 సెకన్లలో పరుగెత్తి, స్వర్ణ పతకం స్వీకరించే వేళ హిజాబ్ ధరించి నిలబడింది. ఆ దృశ్యాన్ని మా అమ్మాయి ఫోనులో ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. తరువాత వైద్యురాలి దగ్గర మందుల చీటీ రాయించుకుంటున్నప్పుడు, తాను పరుగెత్తవచ్చునా అని అడిగింది. ముందు రక్తం పట్టనివ్వమని, అందాకా నడవమని ఆమె చెప్పారు. ఇనుము మాత్ర వేసుకున్న పూట టీ తాగరాదని, నిమ్మరసం మంచిదని కూడా చెప్పారు. ఇంట్లో చోడి అంబలి, ఖర్జూరాలు, వారానికోసారి కాలేజం కూర మొదలయ్యాయి. టీ మానడమే అందరికన్నా నాకు కష్టమైంది. తాను తాగనప్పుడు ఎదురుగా నేను తాగడం న్యాయం కాదని తీర్పు వెలువడింది.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.2కు వచ్చింది. విశాఖ సముద్రతీరంలో ఏటా తూర్పు నౌకాదళం నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్‌లో 42, 21 కిలోమీటర్లతోపాటు 10, 5 కిలోమీటర్ల పరుగులు కూడా ఉంటాయి. పదికి పేరు ఇస్తానని పిల్ల, తోడు నేనుంటానని నేను. అప్పుడు ఊరి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. పెళ్ళీడుకు వస్తున్న పిల్లను రోడ్డు మీద పరుగెత్తించడమేమిటని ఆమె అన్నం ముందు నుంచి లేచిపోయింది. బంధువుల ఫోన్లు సరేసరి.

నా భార్య వాదించలేదు. మరునాడు అత్తగారికి కాళ్ళు పడుతూ, "అమ్మీజాన్, మీరు హజ్‌లో సఫా మర్వాల మధ్య ఎన్నిసార్లు తిరిగారు?" అని అడిగింది. ఏడుసార్లు, అన్నీ కలిపితే మూడు కిలోమీటర్ల పైమాటే. బిడ్డ దాహం తీర్చడానికి ఒక తల్లి, హజ్రత్ హాజిరా (అలైహిస్సలాం), ఆ గుట్టల మధ్య పరుగు తీసింది కదా అని మాట కలిపింది. "పరుగెత్తేది మగవాళ్ళు, ఆ పచ్చదీపాల మధ్య. ఆడవాళ్ళం నడుస్తాం" అని మా అమ్మ వెంటనే సరిదిద్దింది. ఆ విషయంలో ఆమెదే పైచేయి. అయితే హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో దైవప్రవక్త (సఅసం)తో పరుగుపందెం వేసి గెలిచారని, కొన్నేళ్ళకు మళ్ళీ పోటీ పడగా ఆయన గెలిచి, అప్పటిదానికి ఇప్పటిది సరి అని చమత్కరించారని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. ఇది మా అమ్మకు తెలియనిది కాదు. మనవరాలికి ఆమే చిన్నప్పుడు చెప్పిన ముచ్చట. మనవరాలు దాన్ని గుర్తుచేసింది. కాసేపటికి షరతులు వచ్చాయి: ఒళ్ళంతా కప్పే దుస్తులు, తల మీద స్కార్ఫ్, పక్కన తండ్రి, ఫజ్ర్ నమాజు తప్పకూడదు. నాలుగూ మాకు ముందే సమ్మతమైనవి.

నలభై ఏళ్ళ కిందటి మాట ఒకటి ఇక్కడ చెప్పాలనిపిస్తుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో మన పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకోవడం అందరికీ గుర్తే. ఆ పరుగులో గెలిచినదెవరో మనలో చాలామందికి గుర్తుండదు. మొరాకో దేశపు ముస్లిం యువతి నవాల్ అల్ ముతవక్కిల్. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లో చేరింది కూడా ఆ సంవత్సరమే. అంతకుముందు దాదాపు తొంభయ్యేళ్ళు ఆ దూరం స్త్రీల శరీరానికి తగదని పడమటి దేశాల పెద్దలే అనుకున్నారు. మా అమ్మ భయం మన ఇళ్ళలో మాత్రమే పుట్టినది కాదు.

సాధనకు మేము ఎంచుకున్నది భద్రగిరి వైపు దారి. ఫజ్ర్ తరువాత తూర్పు తెల్లబడే వరకు ఆగి బయలుదేరేవాళ్ళం. చీకటిలో వెళ్ళకపోవడానికి కారణం ఏనుగులు. ఒడిశా నుంచి దిగివచ్చిన గుంపు కొన్నేళ్ళుగా కురుపాం, జియ్యమ్మవలస, కొమరాడ ప్రాంతాల్లో తిరుగుతోంది. పంటలే కాదు, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. గుంపు ఎటు ఉందో ముందురోజు సాయంత్రం వాకబు చేయడం మా సాధనలో ఒక భాగం. బెంగుళూరులోనో హైదరాబాదులోనో పరుగెత్తేవారు వాతావరణం చూసుకుంటారు, మేము ఏనుగుల కబురు కనుక్కుంటాం.

మొదటి వారం మూడు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. ఆ తరువాత ఐదు, ఒకటి. వారంలో నాలుగు రోజులే. మిగతా మూడు రోజులు కాళ్ళకు సెలవు. మాటలాడగలిగే వేగం దాటకూడదని నియమం పెట్టుకున్నాం. అది మంచి నియమం, పరుగుకే కాదు. పదహారేళ్ళ పిల్ల తండ్రితో రోజూ నలభై నిమిషాలు మాట్లాడే ఏర్పాటు మరొకటి నాకు తెలియదు. రసాయనశాస్త్రం అంటే భయమని, కళాశాలలో ఒక స్నేహితురాలు మాట్లాడటం మానేసిందని, పెద్దయ్యాక తనకు ఈ ఊరి ఆస్పత్రిలోనే నర్సుగా పని చేయాలని ఉందని నాకు తెలిసింది ఆ దారి మీదే.

ఒక ఉదయం కొండచీపుర్ల కట్టలతో ఎదురొచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి గాభరాగా ఆగిపోయింది. "ఏటైనాది బాబూ? ఎవులికి బాగోలేదు?" అని అడిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఊరికే పరుగెడుతున్నామని చెబితే ఆమె నమ్మడానికి కొంతసేపు పట్టింది. ఊరికే ఎవరైనా పరుగెడతారా? ఇక్కడ మనిషి పరుగెత్తాడంటే పాము కరిచిందనో, పురిటి నొప్పులు మొదలయ్యాయనో అర్థం. రోడ్డు లేని కొండ గ్రామాల నుంచి రోగులనూ గర్భిణులనూ కర్రకు కట్టిన డోలీలో కూర్చోబెట్టి, ఇద్దరో నలుగురో మోసుకుంటూ రాళ్ళ బాటలో దిగి, అంబులెన్సు అందే చోటికి చేర్చడం ఈ మన్యంలో పాత కథ కాదు. ఆ అవస్థ తప్పించడానికే జి.ఎల్.పురంలో గిరిజన గర్భిణుల వసతి గృహం ఏర్పాటైంది. నెలలు నిండే ముందే వచ్చి అక్కడ ఉంటారు, వేళకు తిండి, వైద్య పరీక్షలు, నొప్పులు రాగానే ఆస్పత్రి. నన్నడిగితే ఈ మండలంలో ప్రభుత్వం చేసిన పనుల్లో ఇంత తెలివైనది మరొకటి లేదు. ఆ పెద్దావిడ ప్రశ్న విన్న తరువాత మా అమ్మాయి కొంతదూరం ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, డోలీ మోసేవాళ్ళు పది కిలోమీటర్లు ఎంతసేపట్లో దిగుతారని అడిగింది. బరువునుబట్టి, వాననుబట్టి అన్నాను.

పిల్లలతో దూరపు పరుగులు తీయించే తల్లిదండ్రులకు పొరుగు రాష్ట్రపు బుధియా సింగ్ కథ తెలిసి ఉండాలి. 2006లో, నాలుగేళ్ళ పసివాడు, పూరీ నుంచి భువనేశ్వర్‌కు 65 కిలోమీటర్లు ఏడు గంటల్లో పరుగెత్తాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. తరువాత వైద్యులు ఆందోళన చెందారు, ఒడిశా ప్రభుత్వం అతడి దూరపు పరుగులను నిలిపివేసింది. ఎముకలు ఎదిగే వయసులో దూరం, వేగం రెండూ పెద్దల ముచ్చట కొద్దీ పెరగకూడదు. పదహారేళ్ళకు పది కిలోమీటర్లు, అదీ నెలల సాధన మీద, వైద్యురాలి అనుమతితో; అంతకు మించి మేము ఆశపడలేదు.

పార్వతీపురం వరకు బస్సు, అక్కడి నుంచి రైలు. విశాఖలో బంధువుల ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర లేదు. ఉదయం బీచ్ రోడ్డు మీద వేలమంది. అంత జనం మధ్య మా అమ్మాయి కాళ్ళు మాట వినలేదు. మొదటి రెండు కిలోమీటర్లు సాధనలో ఎన్నడూ లేని వేగంతో వెళ్ళింది. నేను వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాను. దానికి తోడు సముద్రపు ఉక్క. కొండగాలికి అలవాటు పడిన ఊపిరికి ఆ తేమ బరువుగా ఉంటుంది. ఆరో కిలోమీటరు దగ్గర పక్కలో పోటు వచ్చి వంగిపోయింది. మొహం పాలిపోయింది. నాకు 9.8 అనే అంకె కళ్ళ ముందు కదిలింది. ఆపేద్దాం, ఇంతవరకు వచ్చింది చాలు అన్నాను.

"నడుద్దాం అబ్బూ. నడవకూడదని ఎక్కడా రాయలేదుగా" అంది.

నడిచాం. నీళ్ళ బల్ల దగ్గర రెండు గుక్కలు, జేబులోని ఖర్జూరం ఒకటి. ఊపిరి కుదుటపడిందో లేదో మాటలాడించి చూశాను. పూర్తి వాక్యం చెప్పగలిగింది. మూడు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, మొదటి వారంలో మాదిరిగా. పక్కనుంచి డెబ్భయ్యేళ్ళు దాటిన పెద్దాయన ఒకరు మమ్మల్ని దాటిపోతూ చేయి ఊపారు. చివరి కిలోమీటరులో మాత్రం నాకే మోకాలు పట్టేసింది. అప్పుడు తను వేగం తగ్గించింది. వెళ్ళమన్నా వెళ్ళలేదు, దాదీ షరతు ప్రకారం తండ్రి పక్కనే ఉండాలట. 1 గంట 24 నిమిషాలు పట్టింది. ఇద్దరిలో తనదే ఒక సెకను ముందు.

మా అమ్మకు ఫోను చేస్తే పతకం వెండిదా బంగారందా అని అడిగింది. పూర్తి చేసిన అందరికీ ఇస్తారని చెబితే, అందరికీ ఇచ్చేదానికి అంత దూరం పోవాలా అంది. మరునాటి ఫోనులో మాత్రం ఆ పతకం మెడలో వేసుకున్న ఫోటో పంపమని, పక్కింటివాళ్ళు చూస్తారట అని కబురు.

ఇప్పుడు భద్రగిరి దారిలో మేము ఇద్దరమే కాదు. ఉదయంపూట ఎదురయ్యే వాళ్ళలో ఒక సవర కుటుంబపు అమ్మాయి, తొమ్మిదో తరగతి, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా మాతో కలుస్తుంది. మా అమ్మాయి కన్నా తేలికగా పరుగెడుతుంది, గెడ్డ దాకా వెళ్ళి మా కోసం ఆగి చూస్తుంది. చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని పరుగెడుతుంది. మా అమ్మాయి పాత బూట్లు తనకు రెండు అంగుళాలు పెద్దవి. వచ్చే ఆదివారం పార్వతీపురం వెళ్తున్నాం. కొలత కోసం ఆ పిల్ల పాదాన్ని నోటుపుస్తకం మీద పెన్సిలుతో గీయించి పెట్టుకున్నాం.